అండాలు గోలెం

ఉదయం పది దాటింది. మానేరుగడ్డలో కుడితి వదిలే వేళ. పట్నానికి పడమటి కొసన వరసగా కట్టిన పదకొండు సిమెంటు గోలాల్లోకి నీళ్ళు దూకుతుంటే, బర్రెలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ మూతులు ముంచుతున్నాయి. పది గోలాల మీద పచ్చదీపం వెలుగుతోంది. ఏడో గోలెం మీద మాత్రం పసుపుదీపం. దాని ధార సన్నబడి, పాలు పిండినట్టు చుర్రుమంటోంది.

"ఏందే పుష్పలీలా! నా బర్రెలేం పాపం జేసినయే?" అని ఓదెమ్మ అరిచింది. ఆ గోలెం దగ్గర నీళ్ళు తాగే ఇరవయ్యారు బర్రెలూ ఆమెవే. ఆమె గొంతు లేస్తే బర్రెలు కూడా సర్దుకుని నిలబడతాయి. "మే నెల ఎండ. దూపకు నాలికెలు బయటవెట్టినయ్. జర చూడే చెల్లె!"

"చూస్తున్ననక్కా. ఒర్రకు," అంది పుష్పలీల, చేతిపలక తెరుస్తూ. ఆమె ప్రభుత్వ కుడితి అధికారిణి. పేరు పెద్దదే గానీ, రోజంతా ఎండలో గోలాల చుట్టూ తిరిగే పని.

కుడితి అధికారిణి ఏమిటని నవ్వే రోజులు పోయాయి. ముప్పై ఏళ్ళ కిందట బోర్లన్నీ ఎండి, మంచినీళ్ళు మనుషులకే అని ప్రభుత్వం తేల్చి చెప్పినప్పుడు, ఈ జిల్లాలో పాడి ఇక లేనట్టే అనుకున్నారు. అప్పుడు వచ్చింది 'పశుపాన పునర్జల నియమావళి'. అంత పేరు ఎవరికి నోరు తిరుగుతుంది? జనం మరునాటికే దాన్ని కుడితి చట్టం అన్నారు. నిజం చెప్పాలంటే జనం పెట్టిన పేరే సరైనది. బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి, గిన్నెలు తొలిచిన నీళ్ళు గోలెంలో పోసి బర్రెకు తాపడం మన ముత్తవ్వలకు తెలిసిన పనే. ప్రభుత్వం చేసిందల్లా ప్రతి వంటింటికీ వేరే కుడితి గొట్టం వేసి, పట్నం మొత్తాన్నీ ఒక్క గోలెంగా కలపడం.

ఎంత బాగా కలిపారో చెప్పొద్దూ! నీళ్ళన్నీ ముందు పొరగూడులోకి పోతాయి. వెంట్రుకలో వెయ్యో వంతు మందం ఉండే పొరలు సబ్బునీ, నూనెనీ, మందుబిళ్ళల మడ్డినీ, రోగాన్నీ పట్టేసి, గంజిని మాత్రం వదిలిపెడతాయి. మొదటి ఏడాది ఇంజనీర్లు గంజిని కూడా తీసేసి అద్దంలాంటి నీళ్ళు ఇచ్చారట. ఒక్క బర్రె ముట్టలేదు. ఆ పెద్దమనుషులు మొండికెయ్యకుండా బర్రె మాట విన్నారు, అదీ వాళ్ళ గొప్ప. గంజి కావాలి కదా అని జనం కుక్కర్లు అటకెక్కించి మళ్ళీ అన్నం వార్చడం మొదలుపెట్టారు. ఇవాళ ఈ జిల్లాలో దూపతో చచ్చిన పశువు అనే మాటే వినపడదు.

ఒక్కో గొట్టం మొదట్లో ఒక జలసాక్షి ఉంటుంది. గోరంత పరికరం. ఏ ఇంటి నీళ్ళలో ఏముందో క్షణంలో చదివేస్తుంది. వెనక కొందరు అద్దకంవాళ్ళు రంగునీళ్ళను దొంగతనంగా కుడితి గొట్టంలో వదిలారు కాబట్టి, పన్నెండో నియమం ఒకటి పెట్టారు. మూడు రోజులు వరసగా ఒక ఇంటి నీళ్ళలో గంజి, బియ్యం తాలూకు పిండిజాడ చాలినంత రాకపోతే అది వంటిల్లు కాదు. వెంటనే ఆ వీధి నీళ్ళు చేరే గోలెం మీద పసుపుదీపం వెలిగి, ధార సన్నబడుతుంది. అధికారిణి వెళ్ళి ఆ ఇంటి గొట్టానికి బిరడా కొట్టాలి. ఆ మధ్యాహ్నం పన్నెండింటిలోగా కొట్టకపోతే ఆ వీధి గోలేనికి ధార మూడు రోజులు బందు.

పలక మీద అక్షరాలు మెరిశాయి. "సాంచాల వీధి, నాలుగో ఇల్లు. పిండిజాడ చాలదు. ఇది వంటిల్లు కాదు. బిరడా వేయవలెను."

పుష్పలీల ఇంటి నంబరు మళ్ళీ చదివింది. అది సారంగపాణి ఇల్లు. ఏడో గోలెం మీద చెక్కిన పేరు ఆయన భార్య అండాలుది. ఎంగిలినీళ్ళు ఇవ్వమంటారా అని వీధి వీధంతా ఈసడించుకున్న రోజుల్లో మొదట వేలిముద్ర వేసింది ఆమే. ఏ వీధిలో మొదట ఒప్పుకున్న ఇంటి ఇల్లాలి పేరు ఆ వీధి గోలేనికి పెట్టాలని నియమం. ఆ ఇంటి గొట్టానికి బిరడా పడితే పేరు తీసి, పక్కింటి పేరు చెక్కాలి. అండాలు చనిపోయి ఇరవై మూడు రోజులైంది.

"బిరడా కొట్టి రాయే," అంది ఓదెమ్మ, ఇంకా సంగతి తెలియక. "ఏ ఇల్లది?"

"అండాలవ్వది."

ఓదెమ్మ గోలెం మీది పేరు వైపు ఒకసారి చూసి, కొంగుతో మూతి తుడుచుకుంది. "పోయి మంచిగ మాట్లాడు చెల్లె," అంది మెల్లగా. "కానీ పన్నెండు దాటనియ్యకు. ఇవి మూడు దినాలు ఆగయి."

సాంచాల వీధిలో నాలుగో ఇంటి తలుపు తీసే ఉంది. సారంగపాణి నలభై ఏళ్ళు సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసిన మేస్త్రీ. ఏ సాంచ ఏ చప్పుడు చేస్తే ఏ పళ్ళచక్రం అరిగిందో వీధిలో నడుస్తూనే చెప్పేవాడు. ఇప్పుడు వరండాలో గుడ్డ పరిచి, దాని మీద ఏదో ఆరబోస్తూ ఒంగి ఉన్నాడు. చొక్కా ఆయనది కాదేమో అన్నట్టు వేలాడుతోంది.

"బాపూ," అని వీధివాళ్ళలాగే పిలిచింది పుష్పలీల.

ఆయన ఉలిక్కిపడి గుడ్డ అంచు మడిచాడు. "రా బిడ్డా. కూసో. చాయ్ పెడ్తా."

"చాయ్ గాదు బాపూ. అదేంది?"

"బియ్యం."

పుష్పలీల గుడ్డ తీసి చూసింది. బియ్యమే. కానీ గింజ గింజకూ పగులు. సగం నూకలైపోయి, సుద్దముక్కల్లా పాలిపోయి ఉన్నాయి. పక్కనే తడి గిన్నె. ఆమె పలక తెరిచి, ఆ ఇంటి ఇరవై మూడు రోజుల జాడనూ మొదటి నుంచీ చూసింది. రోజూ ఉదయం ఆరింటికి బియ్యం కడిగిన నీళ్ళు వచ్చాయి. మొదటి రోజు చిక్కగా, రెండో రోజు పలచగా, రానురాను ఇంకా పలచగా. చాయ్ కప్పు కడిగిన జాడ రెండు పూటలా ఉంది. గంజి లేదు. చింతపండు లేదు. కంచం కడిగిన ఎంగిలి మెతుకు ఒక్కటీ లేదు.

"బాపూ, రోజూ ఇవే బియ్యం కడుగుతున్నవా?"

ఆయన తడి గిన్నెను వెనక్కి జరిపాడు.

"కడిగి ఆరవోసి, మల్ల కడుగుతున్నవా? మరి తినుడు?"

"బిస్కెట్లు ఉన్నయి. అటుకులు ఉన్నయి." గుడ్డ మీది గింజలు చేత్తో నెరిపాడు. "కొత్త బియ్యం రోజూ కడిగి పారవోస్తే పాపం గద బిడ్డా. అందుకే ఇవే కడిగిన. గీ బుడ్డ మిషిని ఇంత సోయిగల్లదని నాకేం ఎరుక?"

పుష్పలీలకు కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. ఎక్కువ కోపం తన మీదే. దినాలప్పుడు "వండుకుంటున్నవా బాపూ" అంటే "వండుకుంటున్న" అన్నాడు. ఆ తర్వాత పలకలో రోజూ పొద్దున బియ్యం నీళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. అవి చూసి తను నిమ్మళంగా ఉంది. బియ్యం కడిగినవాళ్ళందరూ అన్నం తింటారనే కదా ఎవరైనా అనుకునేది.

"వండరాదని చెప్తే నేను రాకపోదునా? పక్కింటోల్లు ఇంత పెట్టకపోదురా?"

"పెడ్తరు బిడ్డా. రెండు రోజులు ఇస్తరాకుల పెట్టిండ్రు. వంట చేసుకుంటున్న అని నేనే వద్దన్న. వాళ్ళే వండి పెడ్తే నా పొయ్యి వెలగదు, నా గొట్టంల నీళ్ళు రావు. అప్పుడు నువ్వే బిరడా వట్టుకొని వస్తవు." ఆయన కళ్ళు ఆమె సంచి మీదికి పోయాయి. సంచిలోంచి బిరడాకు చుట్టే తీగ కొస బయటికి కనిపిస్తోంది. "నలభై ఆరేండ్లు నాతోని సంసారం జేసింది. ఇంటి కాయిదం మీద నా పేరు. రేషను మీద నా పేరు. పిలగాండ్లు కాలేదు, ఎవల చదువు కాయిదంల తల్లి పేరని రాసే మోక గూడ ఆమెకు రాలే. ఈ లోకంల ఆమె పేరు రాసి ఉన్నది గా గోలెం మీద ఒక్కటే. తియ్యకు బిడ్డా. నీ కాల్మొక్కుత."

"థూ, నువ్వు నా కాలు మొక్కుడేంది!" అని ఆమె వెనక్కి జరిగింది. కళ్ళు తుడుచుకుని గడియారం చూసింది. పదకొండుంబావు. "లే. పొయ్యి వెలిగియ్యి. ఎసరు పెడదాం."

"నాకు రాదు."

"సాంచ ఇప్పి మల్ల బిగించేటోనివి, ఎసరు పెట్టరాదా? లే బాపూ, పొద్దు వోతంది!"

నేను వండి పెడతాను అనడం ఆమెకు తేలిక. కానీ అనలేదు. స్టూలు మీద కూర్చుని చెప్తూ పోయింది, ఆయన చేశాడు. గుడ్డ మీది బియ్యమే రెండు గ్లాసులు. గిన్నె నిండా నీళ్ళు. నీళ్ళు తెర్లాక బియ్యం పోయాలి.

"ఎన్ని నిమిషాలు?" అన్నాడు సారంగపాణి, మేస్త్రీ బుద్ధి పోక.

"నిమిషాలు గాదు. మెతుకు వట్టి చూడాలె."

"వడ్తే ఏం తెలుస్తది?"

"వట్టినంక తెలుస్తది."

"గిదేం లెక్క!" అని గొణుక్కున్నాడు గానీ, గరిటెతో ఒక మెతుకు తీసి రెండు వేళ్ళ మధ్య నలిపాడు. ఇంకోటి నలిపాడు. మూడోసారి, "అయింది," అన్నాడు ఆమె వైపు చూడకుండానే. మూత అడ్డంపెట్టి, గుడ్డ పట్టుకుని, గిన్నె వంచాడు. వేలు చుర్రుమంది. అయినా వదల్లేదు. తెల్లటి గంజి పొగలు కక్కుతూ తొట్టిలోకి దిగి, కుడితి గొట్టంలోకి జారిపోయింది.

పలక మెరిసింది. "సాంచాల వీధి, నాలుగో ఇల్లు. వంటిల్లు." పదకొండూ నలభై అయింది. గోలాల దగ్గర్నించి ఓదెమ్మ ఫోను చేసి, "పచ్చగైందే! తాగుతున్నయే!" అని వీధి వినేట్టు కేక పెట్టింది.

అన్నం ముద్దయింది. ఇరవై మూడుసార్లు కడిగిన బియ్యం ఇంకెట్లా అవుతుంది? సారంగపాణి ఇంత మామిడికాయ తొక్కు వేసుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపి, తల వంచుకుని, భుజాలు కదిలేలా ఏడ్చాడు. తర్వాత కంచం ఖాళీ చేశాడు. సోదా చేసిన ఇంట్లో అధికారిణి తినకూడదని నియమం ఉన్నా, పుష్పలీల కూడా ఒక ముద్ద తిన్నది.

తింటుంటే ఆమెకు ఒక ఆలోచన వచ్చి చెయ్యి ఆగిపోయింది. పిండిజాడ తగ్గింది కాబట్టి ఈ ఇల్లు దొరికింది. రోజూ కొత్త బియ్యం కడిగి, వండకుండా వదిలేసే ఇల్లు ఏదైనా ఉంటే? పలకను దగ్గరికి తీసుకుని అడిగింది.

"బియ్యం నీళ్ళు వస్తూ, పది రోజులుగా గంజి గానీ ఎంగిలి గానీ రాని ఇండ్లెన్ని?"

పలకలోంచి జలసాక్షి గొంతు పలికింది. "ఈ వివరం పశువుల క్షేమానికి అవసరమా?" అని అడిగింది. ఆ నియమం రాసినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఎవరింట్లో ఏం వండారో సర్కారు తొంగి చూడకూడదని, నీటి కబురు పశువుల మేలుకే వాడాలని పెట్టారు. పుష్పలీల ఒక్క క్షణం తటపటాయించింది.

"అవసరమే," అంది. "బర్లకు గంజి గావాలె గద."

"నలభై ఒక్క ఇళ్ళు," అంది జలసాక్షి. "ఇందులో సాంచాల వీధివి మూడు. ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

నలభై ఒకటి. ఎవరికి మంచాన పడ్డ రోగమో, ఎవరికి ఏ దిగులో, ఎవరు ఎవరి కోసం తింటున్నామని నటిస్తున్నారో ఆమెకు తెలియదు. బర్రెకు ఏ హానీ రాకూడదని అంత జాగ్రత్తగా చేసిన పరికరం ఇన్నాళ్ళూ ఇదంతా చూస్తూనే ఉంది. ఆమె చెప్పులు వేసుకోవడానికి లేచింది.

సారంగపాణి కంచం పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, బియ్యం డబ్బా మూత తీశాడు.

"మన వీధిల మూడిండ్లన్నది గద," అన్నాడు, పెద్ద గిన్నె కోసం అటక వైపు చూస్తూ. "జర ఆగు బిడ్డా, ఒట్టి చేతులతోని ఎట్ల వోతవు? ఎన్ని గ్లాసులు పొయ్యాలెనో చెప్పు."