వెనుదిరగని బాతు

"మన జనరల్ కాంగ్‌ని చంపబోతున్నారు," అన్నాడు పాంగ్. మంగోలు సర్కారు మీద తిరగబడ్డ ఎర్రతలపాగాల సైన్యంలో అతను వేగుల పెద్ద. "సర్కారు మనుషులు ఇక్కడే, ఈ పింగాణీ బట్టీల ఊళ్ళో, జింగ్‌డెజెన్‌లోనే ఉన్నారు. ఆయన వెళ్ళేది పింగాణీ గిన్నెల పడవలో. సరుకులో ఏదో పెడతారట. కనిపెట్టు."

ఏజెంట్ లువో హెంగ్ గడ్డి అమ్మేవాడి వేషం వేశాడు. గిన్నెలు కట్టాలంటే గడ్డి కావాలి. గడ్డివాణ్ణి ఏ బట్టీ దగ్గరా ఆపరు.

బట్టీ లోపల అతని మనిషి మియావోయిన్. తెల్ల గిన్నెల మీద నీలిరంగుతో తామరకొలను, జంట బాతులు వెయ్యడంలో ఆమెకు సాటి లేదు. అందంలోనూ లేదు. లువోకి కాబోయే భార్య.

ఆమె పంపే గిన్నె మీది బొమ్మే కోడ్. సులువు. బాతులు ఎదురెదురుగా ఉంటే సరుకులో మోసం లేదు. ఒకటి వెనుదిరిగితే ప్రమాదం.

"ఏమోయ్, మళ్ళీ తడిసిన మోపేనా? నీ మొహానికి ఎండే తగల్లేదా?" అందరి ముందూ కసిరి, మోపు కింద గిన్నె దూర్చింది.

బాతులు ఎదురెదురుగా ఉన్నాయి.

లువో నిశ్చింతగా పెట్టెలు తనే పడవకెక్కించాడు. జనరల్ రేవు మెట్లు దిగుతున్నాడు. అప్పుడు తగిలింది అగరొత్తి వాసన. పడవలో పూజ చేసేవాళ్ళెవరూ లేరే!

పెట్టె మూత పీకాడు. గడ్డి లాగాడు. గిన్నెల మధ్య మందుగుండు జాడీ! కాలుతున్న అగరొత్తి నిప్పు అప్పుడే జాడీ వత్తికి అంటుకుంది. బుస్సుమంటున్న నిప్పుని అరచేత్తో నలిపేసి, జాడీని ఏట్లోకి విసిరేశాడు.

మియావోయిన్ పారిపోలేదు. సైనికులు బట్టీ గుమ్మంలోనే పట్టుకున్నారు.

"ఎవరైనా బెదిరించారా?" ఆశగా అడిగాడు లువో.

"లేదు. మొదట్నుంచీ వాళ్ళ మనిషినే."

"ఆ బాతులు నువ్వే వేశావా?"

"నా గీత నీకు తెలీదూ?"

తెలుసు. ఎక్కడా వణకలేదు. బొమ్మ వేసిన గిన్నె బట్టీలో కాలి చల్లారడానికి రోజులు పడతాయి. అంటే ఆ బాతులు వేశాకే తన పక్కన కూచుని అన్నం తింది. పెళ్ళెప్పుడని అడిగింది.

"పడవలో నేనూ ఉంటానని తెలుసా?"

"పెట్టెలు నువ్వే మోస్తావని తెలుసు. ఎవర్నీ నమ్మవుగా," అంది. తల దించుకుంది. "నన్ను తప్ప."

లువో బయటికొచ్చాడు.

సైన్యం వైద్యుడు అతని అరచెయ్యి చూసి నొసలు ముడిచాడు. "ఎలా కాలిందయ్యా?"

"అగరొత్తి."

"మరీ అంత భక్తి పనికిరాదు నాయనా," అన్నాడు వైద్యుడు, మందు పూస్తూ.