కావడి బరువు

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వంటింటి మీద తీర్పు చెప్పేసింది తనుశ్రీ.

"స్టవ్వు వెనకాల స్విచ్చి పెట్టినోడెవుడుమా? సెగలో చెయ్యి పెట్టి ఎయ్యాల్నా?"

"మీ నాయినే పెట్టించినాడు. పోయి ఆయన్నే అడుగు," అంది దేవకి దోసె తిప్పుతూ.

తనుశ్రీ చెన్నైలో ఉపగ్రహాల భాగాలు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. సెలవుకు పాండూరు వస్తే చాలు, కుక్కరు పిడి మొదలు బీరువా తాళం దాకా అన్నింటికీ వంకలే. "మా దాంట్లో ఒక్కో గ్రామూ తగ్గించేదానికే జీతమిస్తారు" అని గొప్పలు పోయేది. ఇంట్లోవాళ్లకు అదంతా ముచ్చటే. ఈసారి మాత్రం ఆ తెలివి కాస్తా పూజగదిలో దూరింది.

తండ్రి వేలాయుధం ఏటా ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి మురుగన్ కొండకు కావడి ఎత్తుతాడు. ఆయన మోకాళ్లు అరిగాయని డాక్టరు చెప్పినప్పటి నుంచి కూతురికి మనసు మనసులో లేదు. నిన్న ఆయన పొలానికి వెళ్లగానే కావడికున్న టేకు బద్ద ఊడదీసి, అల్యూమినియం గొట్టం బిగించి, పైన పసుపుగుడ్డ చుట్టేసింది.

కొండకు బయల్దేరడానికి స్నానం చేసి వచ్చిన వేలాయుధం కావడి భుజానికెత్తుకున్నాడు. వెంటనే దించి గుడ్డ విప్పి చూశాడు.

"బద్ద యాడ?"

"సగానికి సగం బరువు తగ్గించినా నాయినా. మెట్లెక్కేటప్పుడు నీ మోకాళ్లకి..."

"నిన్నెవురు తగ్గించమన్నారు?" ఎన్నడూ గొంతెత్తని మనిషి అరిచాడు. "దీన్నెత్తుకోని నేను కొండెక్కను. ఈ ఏడు మొక్కు తప్పినట్టే!"

తనుశ్రీకీ రోషం పొడుచుకొచ్చింది. "బరువు మోస్తేనే సామి చూస్తాడా? నీ కాళ్లు పోతే ఆయనొచ్చి నడిపిస్తాడా?"

వేలాయుధం గడప మీద కూలబడ్డాడు. కాసేపటికి గొంతు తగ్గింది.

"నువ్వు ఏడో నెల్లోనే పుట్టేసినావు. తిరువళ్ళూరు ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టినారు. నా అరచేతిలో పట్టేటంత ఉంటివి. దినామూ తూకమేసి చెప్పేవాళ్లు. ఒగ గ్రాము పెరిగిందంటే మీయమ్మకి పండగ. తగ్గిందంటే ఇద్దరికీ ముద్ద దిగదు. 'మురుగా, నా బిడ్డకు బరువియ్యి, ఆ బరువు నేను మోస్తా' అని మొక్కుకున్నా. నిన్ను ఇంటికి తెచ్చిన దినం ఎంత బరువున్నావో, ఆ బద్ద అంత బరువుండాలని చెప్పి చేయించినా."

తన ఒంటికి ఒక్క గ్రాము పట్టాలని ఇద్దరు మనుషులు తిండి మానేసి ఏడ్చారని తనుశ్రీకి ఇన్నేళ్లూ తెలియదు. తండ్రి ఒడిలో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"తెలీక చేసినా నాయినా."

"తెలిస్తే చేస్తావా, పిచ్చిదానా!" ఆయన ఆమె తల నిమిరాడు.

కొట్టంలోంచి బద్ద తెచ్చి తన చేతులతోనే మళ్లీ బిగించింది. కొత్త గుడ్డ చుట్టింది. కానీ కావడి మాత్రం ఆయన చేతికివ్వలేదు.

"నేనూ వస్తా. సగం మెట్లు నేనెత్తుకుంటా."

"మొక్కు నాది కదా తల్లీ?"

"మొక్కు నీదే. బరువు నాది కదా నాయినా!"

దేవకి కొంగుతో ముఖం కప్పుకుంది. వేలాయుధం ఏడుస్తూనే నవ్వి, కావడిని మొదట కూతురి భుజం మీదే పెట్టాడు.