నాలుగు అడుగుల నీళ్ళు

బుధవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు సర్వేయర్ చనిపోయాడు. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కుడిచెయ్యి ఇంకా మౌస్ మీదే ఉంది. ఎదురుగా స్క్రీన్ మీద సముద్రపు ఒడ్డున ఒక గోల్ఫ్ కోర్సు, పన్నెండో హోల్, సగం తవ్విన ఇసుక గుంట. మెడ వెనక జుట్టు మొదలయ్యే చోట చీమ కుట్టినంత ఎర్రటి చుక్క. బల్ల మీద ఒక కాఫీ కప్పు ఉంది. రెండోది వంటింట్లో, కడిగి బోర్లించి ఉంది.

"మనిషిని చంపి కప్పు కడిగిపెట్టి పోయారు. మర్యాదస్తులే," అన్నాడు ఆఫీసులో బాస్.

పెళ్ళికొడుకు నవ్వలేదు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ అలాగే పిలుస్తారు. మొదటి మిషన్‌లో పెళ్ళికొడుకు వేషం కట్టి ఒక ఆయుధాల స్మగ్లర్‌ని పట్టుకొచ్చాడు. ఆ పేరు అతుక్కుపోయింది. నలభై రెండేళ్ళు నిండినా పెళ్ళి కాలేదు కనుక వదల్లేదు కూడా.

"కంప్యూటర్ ఆట కోసం గోల్ఫ్ కోర్సు గీసుకునే ముసలాయన్ని ఎవడు చంపుతాడు సార్?"

బాస్ రెండు ఫోటోలు ముందుకు తోశాడు. ఒకటి ఆటలోది. రెండోది విమానం నుంచి తీసింది. రెండింటిలోనూ అదే ఒడ్డు, అదే వంపు, అదే ఇసుక దిబ్బ. ఆటలో క్లబ్‌హౌస్ ఉన్నచోట నిజంలో ప్రభుత్వ గెస్ట్‌హౌస్ ఉంది.

"వచ్చే వారం శుక్రవారం సాయంత్రం నాలుగూ పదికి పక్కదేశం రాయబారి అక్కడ కారు దిగి, వరండా మెట్లెక్కుతాడు. కాల్పుల విరమణ మీద సంతకం. ఆ చోటు ఒప్పించడానికే రెండేళ్ళు పట్టింది. ఆయన మన గడ్డ మీద చచ్చిపోతే?"

"యుద్ధం."

"వారం తిరక్కుండా."

బాస్ గడగడా చెప్పుకుపోయాడు. ఒకరి ముఖం ఒకరు చూడని నలుగురు, సరదాకి, ఇంటర్నెట్‌లో కలిసి ఈ కోర్సు కడుతున్నారు. సర్వేయర్‌ది ఇసుక పని. డెంటిస్ట్ అనే ఆయనది గడ్డి. లారీ డ్రైవర్‌ది చెట్లు. 'కెరటం' అనే ఆవిడది అలలూ గాలీ పక్షుల సౌండ్. తీరం మ్యాప్ ఎవరో పేరు లేకుండా పంపారు. వీళ్ళు ముచ్చటపడి అంగుళం తేడా రాకుండా కట్టారు. పరాయి ముఠా షూటర్ ఎక్కడో కూర్చుని రోజూ ఆ ఫైల్ దించుకుంటున్నాడు. ఆటలోని సముద్రంలో తన పడవ పెట్టుకుని, వరండా మెట్ల మీదకి గురి ప్రాక్టీసు చేస్తున్నాడు.

"ఇదంతా మనకెలా తెలిసింది సార్?"

"సర్వేయరే ఫోన్ చేశాడు. పోయిన వారం. 'ఇది నిజం తీరమండీ, పైగా నీళ్ళు ఆటు సమయానికి దించి పెట్టారు, అందం కోసం కట్టే కోర్సులో బురద ఎవడు కోరుకుంటాడు, ఇది ఏదో ఒక రోజు, ఏదో ఒక గంట' అన్నాడు. లెక్క చూశాం. శుక్రవారం నాలుగూ పదికి అక్కడ సరిగ్గా అంత ఆటు."

"కెరటం మన మనిషి కదా?"

"మూడేళ్ళుగా ముఠాలో మన మనిషి. ఈ నలుగురిలో ముఠావాడు ఒకడున్నాడని రిపోర్ట్ పంపింది ఆవిడే. అంటే డెంటిస్టో, లారీ డ్రైవరో. ఎవరో నువ్వు తేల్చు. సర్వేయర్ పోయాడన్న సంగతి బయటికి పొక్కకూడదు. బతికున్నట్టే ఆయన పని సాగాలి. చంపినవాడు తడబడతాడు. కెరటానికి కూడా చెప్పొద్దు. రూల్ అంటే రూల్."

"ఇంట్లోవాళ్ళు?"

"ఒక్కతే కూతురు. లెక్కల టీచర్. శుక్రవారం దాకా శవాన్ని మార్చురీలోనే ఉంచుతామని చెప్పాం."

"ఏమంది?"

బాస్ ట్యూబ్‌లైట్ వైపు చూశాడు. "సంతకం పెట్టింది."

టెక్నికల్ సెక్షన్‌వాళ్ళు చెవిలో పెట్టుకునే రిసీవరూ, గుండీలో కెమెరా ఉన్న ఏసీ మెకానిక్ యూనిఫామూ ఇచ్చారు. గుండీ ఊడిపోతే మీదే బాధ్యత అని కాగితం రాయించుకున్నారు.

మర్నాడు ఉదయం సర్వేయర్ ఇంటి తలుపు తట్టాడు.

"ఏసీలోంచి నీళ్ళు కారుతున్నాయా అమ్మా?"

"లేదు. గాలే రావడం లేదు," అంది టీచర్. కోడ్ సరిపోయింది. తలుపు మూసి గొళ్ళెం పెట్టింది.

ముప్ఫై దాటిన మనిషి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి కానీ గొంతు వణకడం లేదు. తండ్రి కుర్చీలో కూర్చోలేక, వంటింట్లోంచి పీట తెచ్చుకుని కంప్యూటర్ ముందు వేసుకుంది.

"పది గంటలకి నేను స్కూల్లో ఉండాలి. సెలవు పెట్టొద్దన్నారుగా. పిల్లలకి త్రిభుజాలు చెప్పాలి. నాన్నేమో అక్కడ ఫ్రిజ్‌లో ఉన్నారు."

పెళ్ళికొడుకు పనిముట్ల సంచి కింద పెట్టాడు. "శుక్రవారం కాగానే ఇచ్చేస్తారమ్మా," అన్నాడు.

"మాట మీరిస్తున్నారా, మీ ఆఫీసు ఇస్తోందా?"

"నేనిస్తున్నాను."

"అయితే ఇంకొకటి కూడా ఇవ్వండి. చంపిందెవరో తెలియకుండా నాన్నని సాగనంపలేను."

అతను తలూపాడు. ఇచ్చిన మాట రెండైంది.

ఆ నలుగురి పద్ధతి టీచర్‌కి కంఠతా వచ్చు. రోజూ పొద్దున్నే, ముందురోజు ఎవరేం చేశారో మిగతావాళ్ళు ఆడి చూస్తారు. చూసి తలా ఒక తప్పు రాస్తారు. తండ్రి పక్కన కూర్చుని ఏడాదిన్నరగా చదువుతోంది. తండ్రి టైప్ చేసినట్టే, ఒక వేలితో, నిదానంగా కొట్టింది: "జ్వరం. నిన్న కనపడలేదు. పన్నెండో హోల్ చూడండి."

డెంటిస్ట్ వెంటనే వచ్చాడు. "ఆ గుంట చూస్తే పుచ్చుపన్ను గుర్తొస్తోంది. పూడ్చెయ్."

లారీ డ్రైవర్: "జ్వరమొస్తే దుప్పటి కప్పుకోవాలి గానీ నా చెట్ల మీద ఇసుక కప్పుతారా? తియ్యి ముందు."

ఇరవై నిమిషాల తర్వాత కెరటం: "అద్భుతంగా ఉంది సర్. ఇంతకన్నా బాగా ఎవరూ చెయ్యలేరు."

పెళ్ళికొడుకు నోట్‌బుక్‌లో 'డెంటిస్ట్, పూడ్చెయ్' అని రాసుకుంటున్నాడు. టీచర్ స్క్రీన్ మీద వేలు పెట్టింది.

"ఇది చూశారా?"

"మెచ్చుకుంది. అంతేగా?"

"ఈ గుంపులో ఎవరూ ఎవర్నీ మెచ్చుకోరండి. మెచ్చుకుంటే పని చెడుతుందని నాన్నే రూల్ పెట్టారు. పైగా ఆ గుంట సగమే తవ్వి ఉంది. సగం గుంటని పట్టుకుని అద్భుతం అని ఎవరంటారు? మిగతా సగం తవ్వేవాడు ఇక లేడని తెలిసినవాళ్ళంటారు." ఆమె వేలు ఆ మాట మీదే ఉంది. "పోయినవాళ్ళ గురించి మాట్లాడినట్టు మాట్లాడిందండీ."

పెళ్ళికొడుకు నోట్‌బుక్ మూసేశాడు. మూడేళ్ళు. ఎన్నో హోటల్ లాబీలు. తెల్లకోటు, నల్ల కళ్ళద్దాలు, పెదవి చివర సగం నవ్వు. ఆవిడ రిపోర్ట్ ఇచ్చి లేచి వెళ్ళిపోయాక కూడా ఆ కుర్చీ వైపే చూస్తూ కూర్చున్న రోజులున్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇక చెప్పేదీ లేదు.

ఫోన్ చేశాడు. "సార్, సర్వేయర్ మనకి ఫోన్ చేశాడని కెరటానికి ఎవరు చెప్పారు?"

"నేనే. వెరిఫై చెయ్యమని ఫైల్ పంపాను."

"అడ్రస్‌తో సహానా?"

"ఫైల్ అంటే అడ్రస్ ఉండదా?"

టీచర్ పక్కనే ఉంది. అంతా వింది. "అంటే నాన్న ఫోన్ చేసినందుకు, మీవాళ్ళే ఆవిడకి దారి చూపించారు," అంది.

"అవునమ్మా." పెళ్ళికొడుకుకి సిగ్గుతో తల వంగిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో జేబులోని బ్యాడ్జీ అంత బరువుగా ఎప్పుడూ అనిపించలేదు.

ఫోన్‌లో బాస్ తేరుకున్నాడు. "ఆవిణ్ణి ఇప్పుడే లోపలెయ్యండి!"

"వేస్తే షూటర్ మాయమైపోతాడు సార్. ఇంకోచోట, మనకి తెలియని దారిలో వస్తాడు. ఇప్పుడైతే ఎక్కణ్ణించి కాలుస్తాడో మన దగ్గర బొమ్మ ఉంది."

"రాయబారిని ఎర వెయ్యమంటావా?"

టీచర్ కాగితం మీద ఏదో గీస్తోంది. సముద్రం, దిబ్బ, వరండా. మూడింటినీ కలుపుతూ ఒక ఏటవాలు గీత.

"దిబ్బని ముట్టుకుంటే మ్యాప్‌తో సరిచూసి పట్టేస్తారు. నీళ్ళని ఎవరు కొలుస్తారండీ? ఇప్పుడు వరండా కనపడాలంటే పడవ ఇంత దూరంలో ఉండాలి. ఆటలో నీళ్ళు నాలుగు అడుగులు పెంచితే పడవ కూడా అంత లేస్తుంది. ఇంకా దగ్గరికి వచ్చినా దిబ్బ మీంచి కనిపిస్తుంది. దగ్గర్నించి కాల్చే వీలుంటే దూరంగా ఎవడుంటాడు? ఆ దగ్గర చోటుకే అలవాటు పడతాడు. శుక్రవారం నిజం సముద్రం మాత్రం నాలుగు అడుగులు కిందే ఉంటుంది. ఆ చోటు నుంచి చూస్తే..."

"ఇసుక," అన్నాడు పెళ్ళికొడుకు.

"ఇసుకే. నీళ్ళు పెంచమని నాన్న మూడు వారాలుగా పోట్లాడుతున్నారు. అడిగితే కొత్తగా ఏమీ అనిపించదు. కానీ సముద్రం అందరిదీ. మార్చాలంటే నలుగురూ సరే అనాలి."

ఆమె టైప్ చేసింది: "బురద చూడలేక చస్తున్నాను. నీళ్ళు నాలుగు అడుగులు పెంచాలి. ఎన్నిసార్లు చెప్పించుకుంటారు?"

డెంటిస్ట్: "నీ నస పడలేక ఒప్పుకుంటున్నా."

లారీ డ్రైవర్: "నా చెట్ల వేళ్ళు తడవకపోతే సరే."

కెరటం ఏమీ రాయలేదు. గంటయింది. టీచర్ స్కూలుకి ఫోన్ చేసి బస్సు దొరకలేదని అబద్ధం చెప్పింది. రెండు గంటలయింది. పెళ్ళికొడుకు ఏసీ మూత విప్పి మళ్ళీ బిగించాడు, మళ్ళీ విప్పాడు. అలలని పేర్చేది ఆవిడే. నీళ్ళు పెరిగితే ఎందుకు పెరిగాయో ఆలోచించగలిగేది కూడా ఆవిడే.

మధ్యాహ్నం దాటాక ఒక్క ముక్క వచ్చింది: "సరే సర్."

ఆ వెనకే అలల చప్పుడు పాత ఒడ్డు వదిలి కొత్త ఒడ్డుకి జరిగింది.

మంగళవారం హోటల్ లాబీలో కెరటాన్ని కలిశాడు. అదే తెల్లకోటు.

"ఎయిర్‌పోర్ట్‌లో కాలుస్తారు. మనుషులందర్నీ అక్కడే పెట్టండి. గెస్ట్‌హౌస్ దగ్గర పెట్టి వేస్ట్ చేసుకోకండి," అందావిడ.

"థాంక్స్."

"పెళ్ళెప్పుడు పెళ్ళికొడుకు గారూ?"

"పిల్ల దొరికినప్పుడు," అన్నాడు. నవ్వు ముఖం పెట్టడానికి ఆ రోజు పడినంత కష్టం ఏ వేషానికీ పడలేదు.

శుక్రవారం మూడు గంటల నుంచి అతను దిబ్బ మీద, గడ్డిలో, బోర్లా పడుకుని ఉన్నాడు. సముద్రం వెనక్కి పోయింది. ఒడ్డంతా బురద. నీళ్ళు పెంచే ఉపాయాన్ని ఆవిడ షూటర్‌కి చెప్పేసిందా లేదా అన్నది అతనికింకా తెలియదు. చెప్పి ఉంటే పడవ దూరంగా ఆగుతుంది. అంత దూరం అతని రైఫిల్ అందుకోలేదు. లోపల వంద మంది కమాండోలున్నా రాయబారి మెట్లెక్కే నాలుగు సెకన్లూ ఆ దేవుడి మీద భారం వెయ్యాల్సిందే.

నాలుగూ ఏడు. వలలు పరుచుకున్న బూడిదరంగు పడవ వంపు తిరిగి వచ్చింది. చుక్కాని దగ్గర ఆడమనిషి. వలల కింద ఒక మగమనిషి పడుకుని ఉన్నాడు.

నాలుగూ ఎనిమిది. దూరపు చోటు దాటి ముందుకొచ్చింది. ఇంకా వచ్చింది. ఆగింది.

పెళ్ళికొడుకు ఊపిరి వదిలాడు.

నాలుగూ తొమ్మిది. కారు వచ్చింది. చెవిలో బాస్ గొంతు: "డోర్ తీస్తున్నారు." పడవలో వలలు కదిలి తుపాకీ గొట్టం పైకి లేచింది. ఆ మనిషి కన్ను ఆనించి చూశాడు. తల ఎత్తి మామూలుగా చూశాడు. మళ్ళీ కన్ను ఆనించాడు. ఆడమనిషి వైపు తిరిగి ఏదో అరిచాడు. ఆవిడ తల తిప్పలేదు.

"మొదటి మెట్టు," అన్నాడు బాస్.

షూటర్ వలలు విదిలించుకుని లేచాడు. పడవ క్యాబిన్ మీదకి పాకి, రెండు కాళ్ళ మీద నిటారుగా నిలబడ్డాడు. ఇప్పుడతనికి వరండా కనిపిస్తుంది. దిబ్బ మీదనున్న పెళ్ళికొడుకుకి అతను నిలువెత్తున కనిపించాడు.

"రెండో మెట్టు. ఏమయ్యా, ఉన్నావా?"

ఒక్కటే తూటా. క్యాబిన్ మీద మనిషి లేడు. ఏమిటా చప్పుడని రాయబారి అడిగితే, టైరు పేలిందండీ అని సెక్రటరీ చెప్పాడట. నాలుగున్నరకి సంతకాలయ్యాయి.

కోస్ట్‌గార్డ్ వాళ్ళు పడవని ఒడ్డుకి లాక్కొచ్చారు. కెరటం పారిపోయే ప్రయత్నం చెయ్యలేదు. చేతులు చుక్కాని మీదే ఉన్నాయి.

"నీళ్ళెందుకు పెంచామో నీకు తెలియలేదా?" అడిగాడు పెళ్ళికొడుకు.

"ఆ రెండు గంటలూ కాగితం మీద అదే లెక్క వేశాను."

"మరి వాడికెందుకు చెప్పలేదు?"

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. "ఆ రోజు తలుపు ఆయనే తీశాడు. అలల అమ్మాయివి నువ్వేనా అని లోపలికి పిలిచి, కాఫీ తనే కలిపిచ్చాడు. నేను సూది బయటికి తీసేసరికి కూడా నాకు వీపు పెట్టి కూర్చుని, ఆ బురద చూపించి, నువ్వైనా సరే అనమ్మా అని బతిమాలుతున్నాడు."

"అయినా పొడిచావు."

"ఆర్డర్. పొడిచాను." కొంచెం ఆగింది. "మళ్ళీ ఆయన పేరుతోనే అడిగితే కాదనలేకపోయాను."

సంకెళ్ళు వేస్తుంటే పెళ్ళికొడుకుకి జాలేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆరు గంటలకి మార్చురీ వరండాలో టీచర్‌కి ఏదీ దాచకుండా చెప్పాడు. ఎవరు చంపారో, నాన్న చివరగా ఏం అడిగాడో, ఆవిడ ఎందుకు ఊరుకుందో. ఆమె గోడకి ఆనుకుని అంతా వింది. తొమ్మిది రోజులుగా బిగబట్టిన ఏడుపు అప్పుడు వచ్చింది. అతను పక్కన నిలబడ్డాడు. ఓదార్చే అర్హత తన డిపార్ట్‌మెంట్‌కి లేదని అతనికి తెలుసు.

కిటికీ అవతల మార్చురీ ఉద్యోగి ఫారం నింపుతున్నాడు. చనిపోయిన తేదీ పైనుంచి చెప్పినట్టు ఇవాళ్టిదే వేశాడు. కారణం దగ్గర గుండెపోటు అని ముందే టైప్ చేసి ఉంది.

"ఏం పని చేసేవారమ్మా మీ నాన్న?"

టీచర్ పెళ్ళికొడుకు వైపు చూసింది. నిజం చెప్పడానికి వీల్లేదని ఇద్దరికీ తెలుసు. కళ్ళు తుడుచుకుంది.

"సముద్రం పెంచేవారండీ."

ఉద్యోగి తలెత్తకుండానే 'రిటైర్డ్' అని రాసుకున్నాడు.