దేవుడి పక్కన స్విచ్చి

"ఇంకో మూట తెచ్చి వేసుకో పాపా. అప్పుడు గూడా అందకుంటే నన్ను పిలువు."

ఆలూరులో శేషన్న పిండిమిషను నడిపే డ్రైవరుగా చేరిన మొదటి పొద్దే మద్దిలేటి నోరు జారాడు. ఎదురుగా ఒక అమ్మాయి జొన్నల మూట మీద నిలబడి, మునివేళ్ళ మీద లేచి, గోడకు పైనున్న స్విచ్చి పిడి కోసం చెయ్యి చాపుతోంది. అందడం లేదు.

ఆమె మూట దిగింది. తలనిండా పిండి. నవ్వుతుందనుకున్నాడు గానీ నవ్వలేదు.

"ఎవురైనా బెల్టులో పడితే, అప్పుడు నువ్వు ఈడ లేకుంటే ఎట్లప్పా?"

"నేను యాడికి పోతా?"

"నీకు ముందుండినాయన గూడా అట్లే అంటాండె. ఆ పొద్దు టీ తాగను పోయినాడు."

జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆ తర్వాత సంగతంతా చెప్పారు.

ఆలూరుకు తుంగభద్ర కరెంటు వచ్చి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. ఆ ఊళ్ళో కరెంటు అప్పుడు సగం దేవుడు. శేషన్న ఆయిలు ఇంజను తీసేసి మోటారు పెట్టించినప్పుడు, స్విచ్చిని తీసుకుపోయి నరసింహస్వామి పటం పక్కన పెట్టించాడు. పటమేమో చేతులెత్తి మొక్కేంత పైన ఉంది. వేసినప్పుడల్లా దండం పెట్టుకోవచ్చు, ముట్టయిన ఆడవాళ్ళ చెయ్యి తగలదు. స్విచ్చికి కూడా పసుపు, కుంకుమ, దండ.

తొట్టిలో జొన్నలు పోసే జీవమ్మ కొంగు ఒకరోజు బెల్టుకు చుట్టుకుంది. కూతురు సుంకమ్మ ఆ గోడ కింద నిలబడి ఎగిరింది, మళ్ళీ మళ్ళీ ఎగిరింది. డ్రైవరు పరుగెత్తుకొచ్చేసరికి జీవమ్మ కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. ఇంట్లో పొయ్యి వెలగాలి గనుక ఇప్పుడు అమ్మ నిలబడిన చోటే కూతురు నిలబడుతోంది. మద్దిలేటి మూట మీద చూసిన అమ్మాయి ఆమే.

తన జోకు గుర్తొచ్చి మద్దిలేటికి ఆ పూట అన్నం సయించలేదు.

ప్రేమకథలో వాన పడాలంటారు. ఆలూరులో వాన కోసం ఆగితే కథే ఎండిపోతుంది. ఇక్కడ పడింది పిండి. అది ఇద్దరి మీదా సమానంగానే పడింది.

"ఈ వయసుకే తల నెరిసిపాయనే సుంకమ్మా."

"ముందు నీ మీసం దులుపుకో తాతా."

ఆమె మొదటిసారి నవ్వింది ఆ రోజే. ఆ నవ్వు చూశాక మద్దిలేటి పని అయిపోయింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మిషను నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అడిగేశాడు.

"మీ అమ్మ దగ్గరికి రావాలనుకుంటాండా."

"ఎందుకు?"

"నిన్ను ఇయ్యమని అడిగేదానికి."

ఆమె తొట్టి అంచు గట్టిగా పట్టుకుంది. ఇష్టం లేక కాదు, భయం వల్ల.

"పెండ్లయినాక నువ్వు ఆ బెల్టులో పడితే, నేను మళ్ళా ఆ గోడ కింద ఎగరాల్నా? నాతో కాదప్పా. స్విచ్చి నా చేతికి అందేపొద్దు రా. ఆ పొద్దు అడుగు."

మద్దిలేటి పీట చేసి తెచ్చాడు. "ఎక్కేలోపల చెయ్యి పోతాది" అని ఆమె వెనక్కి తోసింది. శేషన్నను అడిగితే, "దేవుని పక్కనుండేదాన్ని కిందికి దించుతారా?" అని ఆయన కళ్ళెర్రజేశాడు.

శేషన్న మొక్కు తీర్చుకోవడానికి అహోబిలం పోయాడు. మద్దిలేటి ఆ అదను చూసుకున్నాడు. కరెంటు తీసి, సుంకమ్మను గోడ దగ్గర నిలబెట్టి, ఆమె భుజం పక్కన బొగ్గుతో గీత గీశాడు.

"గీత వంకర పోయెనే," అంది సుంకమ్మ.

"నువ్వు ఊపిరి తీసుకుంటాండావు. అందుకే."

స్విచ్చి గీత దగ్గరికి దిగింది. దేవుణ్ణి ఒక్కణ్ణే పైన వదలడానికి మనసొప్పక, పటాన్ని కూడా దించి పక్కనే మేకు కొట్టి తగిలించాడు.

శేషన్న తిరిగొచ్చిన రోజు సుంకమ్మ ముట్టయి బయట ఉంది. శేషన్న ప్రసాదం పొట్లం చేత్తోనే లోపలికి వచ్చి, గోడ చూసి నిలబడిపోయాడు.

"దేవున్ని కాళ్ళకాడికి దించినావు గదరా."

"కాళ్ళకాడికి కాదన్నా, చేతికాడికి. మాది అహోబిలం పక్క ఊరే. ఆడ స్వామి ఎగువన ఉండాడు, దిగువనా ఉండాడు. కొండెక్కలేనోళ్ళు దిగువనే మొక్కుకుంటారు గదా."

"నాకు నేర్పుతాండావా? ఉండే జొన్నలు పట్టి, రెండూ ఎప్పట్లా పైన పెట్టేసి పో. రేపట్నుంచి రావాకు."

ఆ మాట వీధి దాటి సుంకమ్మ చెవిన పడింది. ఆమె వచ్చి మిషను గడప బయట నిలబడింది.

"నాకోసం పని పోగొట్టుకుంటివా?"

తిరుగుతున్న బెల్టు పక్కన నిలబడ్డ మద్దిలేటి వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. చూడకుండా ఉండాల్సింది. మెడకు చుట్టుకున్న తువ్వాలు కొస జారి బెల్టు కిందికి పోయింది. బెల్టు దాన్ని లాక్కుంది. మెడ బిగిసింది. విడిపించుకోవడానికి వేళ్ళు దూర్చాడు, వేళ్ళు కూడా పోయాయి.

శేషన్న బెల్టుకు అవతల ఉన్నాడు. ఇవతలికి రావాలంటే తొట్టి చుట్టూ తిరగాలి.

సుంకమ్మ గడప దాటింది. ఎగరలేదు. చెయ్యి చాపి పిడి కిందికి లాగింది. ఆ ఊపులో పటం దండ కూడా తెగిపడింది. మోటారు మూలుగుతూ ఆగింది.

మద్దిలేటి ప్రాణం దక్కింది. ఆదోని ఆసుపత్రిలో ఎడమచేతి రెండు వేళ్ళు తీసేశారు. మెడ చుట్టూ కమిలిన నల్లటి మచ్చ మాత్రం ఎన్నాళ్ళకూ పోలేదు.

కట్టుతోనే ఆలూరుకు వచ్చాడు. పని లేదు, చెయ్యి సరిగా లేదు, ఇక ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు? మూట సర్దుకుని పోదామని మిషను దగ్గరికి వచ్చాడు. స్విచ్చి గీత దగ్గరే ఉంది. పటమూ అక్కడే ఉంది, కొత్త దండతో.

శేషన్న కళ్ళు ఎత్తకుండా అన్నాడు. "దిగువ సన్నిధి ఈడే ఉండనీలే. ఆ పొద్దు ముట్టు చెయ్యే నీ ప్రాణం కాసింది. స్వామి ఏమనలేదు, నేనెవర్ని అనేదానికి? జీవమ్మప్పుడే నాకీ బుద్ధి రావాల్సింది." అతని బట్టల మూట వైపు చెయ్యి చూపాడు. "మూట ఆడ పెట్టు. పని చూసుకో."

తొట్టి పక్కనుంచి సుంకమ్మ వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి, మాట మాత్రం ఎప్పటిదే.

"స్విచ్చి అందితే అడుగు అంటిని. దించినావు, అడగలేదే."

"వేళ్ళు పోయినోన్ని చేసుకుంటావా?"

"చెయ్యి పోయినామెకు కూతుర్ని. నాకు అదొక వింతా?"

మద్దిలేటికి ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. "నువ్వంటే నాకు శానా ఇష్టం సుంకమ్మా. మూట మీద నిలబడిన పొద్దు నుంచీ."

"తెలుసులే. ఆ మాట అమ్మకు చెప్పు."

చెయ్యి పోయినప్పటినుంచి జీవమ్మ ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు కూతురు పిలిస్తే గడప దగ్గర ఆగి, బెల్టు వైపు చూసి, మెల్లగా లోపలికి వచ్చింది. మద్దిలేటి వంగి కాళ్ళకు మొక్కాడు. ఆమె అతని తల మీద ఎడమచెయ్యి పెట్టింది.

"ఎడమచేత్తో దీవిస్తాండానని అనుకోవాకు నాయనా. నాకుండేది ఇదే."

"అది చాలత్తా."

తర్వాత ఆమె గోడ దగ్గరికి పోయి, ఆ ఎడమచేతినే స్విచ్చి పిడి వైపు చాపి చూసుకుంది. అందింది.