బలిరాతి కింద

భూగర్భ రైల్వే స్టేషన్ కోసం తవ్విన గోతిలో, పట్టపగలు, క్రేన్ ఆపరేటర్‌ను ఎవరో కాల్చి చంపారు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ చప్పుడు డ్రిల్లింగ్ మెషీన్ల రొదలో కలిసిపోయింది. పోయినవాడు నిజానికి క్రేన్ ఆపరేటర్ కాదు, సీక్రెట్ సర్వీస్ ఏజెంట్. పైగా ఏజెంట్ ముంగిసకు తోడబుట్టిన అన్న.

"తవ్వకంలో వేల ఏళ్లనాటి బలిపీఠం బయటపడింది," అంటూ చీఫ్ మ్యాప్ పరిచాడు. "చుట్టూ నిలువు రాళ్లు, మధ్యలో పెద్ద బండ. ఇవాళ నాలుగు దేశాల రక్షణ మంత్రులు చూడ్డానికొస్తున్నారు. వాళ్లను లేపెయ్యాలని ఒక విదేశీ ముఠా ప్లాన్. మీ అన్న ఆ కూపీ లాగాడు. వివరాలు మనకు అందేలోపే..."

"లోపల మనవాళ్లెవరున్నారు?"

"ఆర్కియాలజిస్టు. ముఠాలో మన డబుల్ ఏజెంట్. హత్య జరిగిన రోజు ఆవిడ ఊళ్లో లేదు." చీఫ్ కళ్లెత్తాడు. "పని మీద వెళ్తున్నావా, పగ మీదా?"

"రెండూ ఒకే గోతిలో ఉన్నాయి సార్."

ప్రెస్ ఫొటోగ్రాఫర్ వేషంలో ముంగిస గోతిలోకి దిగాడు. మంత్రుల రాక కోసం కూలీలను పైకి పంపేశారు. నిలువు రాళ్ల మధ్య నల్లకళ్లద్దాలు, సిల్కు స్కార్ఫు, ఎర్రటి లిప్‌స్టిక్. హెల్మెట్‌ను కూడా కిరీటంలా పెట్టుకుంది ఆవిడ.

"ఇక్కడ వెలుతురు చాలదేమో," అన్నాడు.

"రాళ్లకు చీకటి అలవాటే," అంది. కోడ్ సరిపోయింది. ఆవిడ గొంతు తగ్గించింది. "మీ అన్న కబురు విన్నప్పటినుంచి ముద్ద దిగట్లేదు. బుల్లెట్ తగిలాక కూడా చేతిలో టీ గ్లాసు వదల్లేదు, పాపం."

ముంగిస వేలు కెమెరా బటన్ మీద ఆగిపోయింది. శవం దగ్గరికి మొదట వెళ్లింది తనే. బిగుసుకున్న వేళ్ల నుంచి ఆ గ్లాసు విడదీసింది తనే. ఆ మాట చీఫ్‌కు కూడా చెప్పలేదు. ఊళ్లో లేని మనిషికి ఎలా తెలిసింది?

కెమెరాను బండవైపు తిప్పాడు. లెన్స్‌లోని డిటెక్టర్ ఎర్రగా వెలిగింది. ఎక్స్‌ప్లోజివ్.

"బండ మీద చెయ్యి వేసి నిలబడండి మేడమ్. ఫొటో బావుంటుంది."

ఆవిడ సొగసుగా వాలింది. స్టీలు తీగతో చేసిన కెమెరా పట్టీ మరుక్షణం ఆవిడ మణికట్టును బండను ఎత్తడానికి బిగించిన ఇనప కొక్కేనికి కట్టేసింది. రెండో చెయ్యి పిస్టల్‌ను అందుకునేలోపే అది ముంగిస చేతికొచ్చింది. బండ కింది సందులో టైమర్ టిక్కుటిక్కుమంటోంది.

"పిచ్చా నీకు? ఇది పేలితే పైన వీధి కూడా కూలుతుంది."

"ఆపే కోడ్ చెప్పు."

"నాకు తెలీదు."

ముంగిస ఎదురుగా రాతి మీద తాపీగా చతికిలబడ్డాడు. "సరే. మా అన్న పోయింది ఇక్కడే. నాకేం తొందర లేదు."

పిస్టల్‌ను మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఈ బండ మీద ఆవిడ ప్రాణం పోతే చూడాలని అతనికి నిజంగానే ఉంది. అది అతని కళ్లలో ఆవిడకు కనిపించింది.

టైమర్ వేగం అందుకుంది. మంత్రుల లిఫ్టు కిందికి దిగుతూ కిర్రుమంది. ఆవిడ నోట్లోంచి నంబర్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ముంగిస సందులోకి చెయ్యి దూర్చి నొక్కాడు. ఆఖరి టిక్కు సగంలో ఆగింది. లిఫ్టు తలుపు తెరుచుకుంది.

గార్డులు లాక్కెళ్తుంటే ఆవిడ వెనక్కి తిరిగింది. "నేను నోరు విప్పకపోతే నువ్వూ చచ్చేవాడివి. ఆ మాత్రం ఆలోచించలేదా?"

"మా ఇంట్లో ఆలోచనలన్నీ అన్నయ్యవే," అన్నాడు ముంగిస. "ఆయన్ని నువ్వే చంపేశావు."