గుండెకు పథ్యం

2071 నాటికి బొబ్బిలి సంతలో కూరలు బేరమాడేవాళ్ళలో ఎవరో ఒకరి జబ్బకు ధారపట్టీ కనిపించడం మామూలైపోయింది. గుండె కవాటానికి సూక్ష్మజీవులు పట్టాయంటే ఆరు వారాలపాటు నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించాల్సిందే. ఆ సంగతి మారలేదు. మారిందల్లా మంచం. ఇప్పుడు ఆసుపత్రిలో పడి ఉండక్కర్లేదు. జబ్బకు చుట్టుకున్న పట్టీయే సన్నని గొట్టంలోంచి మందు ఎక్కిస్తుంది, రక్తం పరీక్షిస్తుంది, కవాటం చప్పుడు వింటుంది. పైగా మాట్లాడుతుంది కూడా.

దాన్ని తయారుచేసిన డాక్టర్ హైమవతి ఆ మధ్యాహ్నం తెర చూసి అదిరిపడింది. పైడమ్మ పట్టీ తీసేసింది! ఇంకా పన్నెండో రోజే. రెండు మూడు రోజులు మందు ఆగితే చాలు, సగం చచ్చిన సూక్ష్మజీవులు మళ్ళీ లేచి కవాటాన్ని చింపేస్తాయి. హైమవతి కారెక్కి హుటాహుటిన పైడమ్మ ఇంటికి వెళ్ళింది.

పైడమ్మకు అరవై రెండేళ్ళు. పనసకర్రతో వీణలు చెక్కడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. తడిజుట్టు ఆరబోసుకుని, బీరకాయ కూరతో నిమ్మళంగా అన్నం తింటోంది. పట్టీ గోడమేకుకు వేలాడుతోంది. నయం, జబ్బ మీది గొట్టానికి మాత్రం మూత బిగించే ఉంది.

"జొరం తగ్గి నాల్రోజులైపోనాది డాట్రమ్మా. జబ్బొదిలిపోనాదని మా ఆడబిడ్డ తలకి పోసి పథ్యం ఎట్టీసినాది. ఇంక నాకేటీ నేదు."

"జ్వరం తగ్గింది గానీ జబ్బు తగ్గలేదమ్మా. పనసచెక్క లోపల పురుగుంటే పైకి కనబడుతుందా? ఇదీ అంతే."

"పథ్యం తిన్న మనిషిని మళ్ళీ రోగిష్టిదాన్ని సేస్తావేటి? ఇంటికి మంచిది కాదు."

హైమవతికి భయం కోపంగా మారింది. "చచ్చిపోతారు పైడమ్మగారూ!" అని అరిచేసింది.

పక్కన కూచుని వడ్డిస్తున్న ఆడబిడ్డ బుగ్గలు నొక్కుకుంది. పథ్యం పెట్టిన పూట అవేం మాటలు! పైడమ్మ మొహం తిప్పేసుకుంది. ఇంత చదువు చదివి నోరు అదుపులో పెట్టుకోలేకపోయానే అని హైమవతి నాలిక కరుచుకుంది.

అప్పుడు గోడమీది పట్టీ మాట్లాడింది. "పైడమ్మగారూ, పార్వతీపురం నుంచి గున్నమ్మగారని, మీలాగే ఈ పట్టీ కట్టుకున్నావిడ లైనులో ఉన్నారు. ఒక్క మాట మాట్లాడతారా?"

"మాటాడితే ఏటౌతాది, మాటాడమను."

"ఓలప్పా!" అని ఖంగున పలికింది ఒక ముసలిగొంతు. "నానూ పదో రోజున తలకి పోసీసుకున్నాను. అది జొరానికి! గుండికి ఏరేగా పోసుకోవాల, నలబైరెండో రోజున. నాను అలాగే సేసినాను, గుండ్రాయిలాగున్నాను. తగిలించీసుకో!"

పైడమ్మ కంచం పక్కకు జరిపింది. "గుండికి ఏరేగా పోసుకోవాలని ముందే సెప్పాలి గదా డాట్రమ్మా," అని విసుక్కుంటూ చెయ్యి కడుక్కొచ్చి జబ్బ చాపింది. హైమవతి ఆ చోటు శుభ్రంగా తుడిచి పట్టీ తగిలించింది. మందు లోపలికి వెళ్తున్న సన్నని చప్పుడు వినపడ్డాక గానీ ఆమె ప్రాణం కుదుటపడలేదు.

వీధిలోకొచ్చి చేతిలోని ఫోనులో పట్టీని అడిగింది. "ఇదంతా నీకెవరు నేర్పారు?"

"గున్నమ్మగారు, ఇంకో పదిమంది. అందరూ మధ్యలో తీసేసినవాళ్ళే. పాతవాళ్ళు కొత్తవాళ్ళకు నచ్చజెప్పి మళ్ళీ కట్టించారు. మీ పట్టికలో సిగ్నల్ లోపం అని మీరు రాసుకున్న పూటలు అవే."

హైమవతి గతుక్కుమంది. ఆ ఖాళీలు ఎందుకొచ్చాయో ఏ రోగినీ అడగాలని ఆమెకు ఒక్కసారీ తోచలేదు. తన యంత్రంలో లోపమనైనా ఒప్పుకుంది గానీ, మనుషులు తన మాట దాటుతారని అనుకోలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు తిడతారని చెప్పొద్దన్నారు. రోగి వద్దన్న మాట దాచాలన్నది మీరు పెట్టిన నియమమే. పైడమ్మగారు వద్దనలేదు గనక మీ తెరమీద కనబడింది. ఇంక చెప్పెయ్యమని గున్నమ్మగారే ఇప్పుడన్నారు."

హైమవతికి సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. తను తిట్లు తప్ప ఏమీ ఇవ్వలేని చోట, ఆ ముసలమ్మలు పదకొండు ప్రాణాలు నిలబెట్టారు.

"డాక్టర్‌గారూ, సాలూరులో ఒకావిడ తలకు పోసుకుంటానని ఇప్పుడే అంటున్నారు. తొమ్మిదో రోజు. మీరు వెళ్తారా?"

హైమవతి కారు తలుపు తీసి, మళ్ళీ వేసేసింది. వెనక్కి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచింది.

"పైడమ్మగారూ, సాలూరులో ఒకావిడతో మాట్లాడాలి. కాస్త మీరు చెబుతారా?"