చైత్ర మెచ్చిన ముసుగువాడు

ఈ నెలలో చైత్ర 'చీకటిగద్ద' సినిమాకి రావడం ఇది ఆరోసారి. ఎక్కడికి, ఎవరితో, ఎంతసేపు అని అడగనిదే నీలాద్రి భార్యను గడప దాటనివ్వడు కాబట్టి ఆ సంఖ్య అతనికి కచ్చితంగా తెలుసు. తొలిచూపుశాల ముందు ఆమె వరుసలో నిలబడితే అతనికి కడుపు మండిపోతోంది.

విశాఖలో వీధికొకటి చొప్పున ఈ శాలలు వెలిశాక కొత్త సినిమాల మొహం చూసేవాళ్లు తగ్గిపోయారు. నుదుటికి తలపుపట్టీ కట్టుకుంటే చాలు, ఒక సినిమాను మొదటిసారి చూసినప్పుడు మనసులో ఏం కదిలిందో అదంతా మళ్లీ కదులుతుంది. నలభై ఏళ్ల చైత్ర రెండు గంటలపాటు పద్నాలుగేళ్ల పిల్లయిపోయి, వెలిగిపోతున్న ముఖంతో బయటికి వస్తుంది. పదిహేడేళ్ల కాపురంలో ఆ వెలుగు తన వల్ల ఒక్కసారైనా వచ్చిందా? ముసుగేసుకుని రౌడీలను చితకబాదే ఆ తెరమనిషి పేరెత్తితేనే నీలాద్రికి ఒళ్లుమంట.

"ఇవాళ నేనూ వస్తా. తోడుపట్టీ కట్టుకుంటా," అన్నాడు. అది కట్టుకున్నవాడికి పక్కమనిషి తొలిచూపు తనదే అన్నట్టు అందుతుంది.

"నీకీ ముసుగు సినిమాలు పడవు కదా?"

"వాడిలో నీకేం నచ్చిందో చూద్దామని."

చైత్ర "సరే, రా," అంది.

ముసుగువాడు తెర మీదికి రాగానే ఆమె గుండె అతని గుండెలో దడదడలాడింది. అనుకున్నంతా అయింది అనుకున్నాడు. తీరా చూస్తే ఆ దడలో వలపు లేదు. అసూయ ఉంది. నెల రోజులుగా తాను మోస్తున్నదే కనుక ఇట్టే గుర్తుపట్టాడు. ముసుగువాడు అర్ధరాత్రి ఒంటరిగా మేడల మీద తిరుగుతున్నాడు, ఎక్కడికని అడిగేవాళ్లు లేరు. పద్నాలుగేళ్ల ఆ పిల్ల వాడిని కోరుకోలేదు, వాడిలా ఉండాలని కోరుకుంది. పెద్దయ్యాక నేనూ ఇలాగే తిరుగుతాను అని గట్టిగా నమ్మింది.

బయట ఎండ మండుతోంది. నీలాద్రికి తెరమనిషి మీద కోపం పోయింది. ఇప్పుడా పిల్లను తలుచుకుంటే కుళ్లుగా ఉంది. అంత గట్టిగా తాను ఏదీ, ఎప్పుడూ నమ్మలేదు.

"నువ్వు ఇంటికెళ్లు. నేనలా బీచికి వెళ్లొస్తా," అంది చైత్ర.

ఎవరితో అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి ఆపుకుని, వెళ్లమన్నట్టు తలూపాడు.

ఆమె నాలుగడుగులు వేసి ఆగింది. అతనింకా ఏమీ అడగలేదేమిటా అన్నట్టు వెనక్కి తిరిగింది.

"ఒక్కదాన్నే. ఐదింటికల్లా వచ్చేస్తా. చేరగానే ఫోన్ చేస్తాలే," అంది.